నీటిగోడకు లెక్క

1959 డిసెంబరు 2వ తేదీ రాత్రి 9 గంటలు దాటిన కొద్ది నిమిషములకు, ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున రేరాన్ అను చిన్న నదిపై కట్టిన మాల్పాసే ఆనకట్ట విరిగిపోయినది. అది చాపమువలె వంచి కట్టిన పలుచని కాంక్రీటు కట్టడము. ఎత్తు 60 మీటర్లకు పైమాట. 1954లో నిర్మాణము పూర్తియైనను, వెనుకనున్న జలాశయము 1959 చివర కురిసిన వానలకుగాని మొదటిసారి నిండలేదు. నిండిన వెంటనే ఎడమగట్టున కట్టకు ఆనుగా నున్న రాతినేల కదలిపోయినది. సుమారు 5 కోట్ల ఘనమీటర్ల నీరు ఇరుకైన లోయగుండా గోడవలె లేచి సముద్రతీరమున నున్న ఫ్రేజూస్ పట్టణము మీదికి దూకినది. ఆ రాత్రి మరణించినవారు 423 మంది అని ప్రభుత్వలెక్క.

ఆ కట్ట ఎందుకు విరిగినది అనునది ఇంజనీర్లును శిలాశాస్త్రజ్ఞులును చర్చించిన విషయము. ఈ వ్యాసమున మేము శ్రోతల ముందుంచదలచిన ప్రశ్న వేరు. కట్ట విరిగిన పిమ్మట ఆ నీరు ఏ ఊరికి ఎన్ని నిమిషములలో చేరును? చేరినపుడు ఎంత ఎత్తున నుండును? ఈ సంగతిని కాగితము మీద ముందుగా లెక్క కట్టి చెప్పుటకు వీలున్నదా?

మాల్పాసే విషయమున ఈ ప్రశ్నకు సమాధానమును సరిచూచుటకు ఒక విచిత్రమైన సాక్ష్యము మిగిలినది. లోయలో మూడుచోట్ల విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మర్లు ఉండెను. నీరు తగిలిన క్షణమున అవి ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయినవి. అవి ఆగిన వేళలనుబట్టి కట్ట విరిగిన 100 సెకనులకు మొదటిదానిని, 1240 సెకనులకు రెండవదానిని, 1420 సెకనులకు మూడవదానిని నీరు తాకినదని నిర్ణయించిరి. అనగా లోయ దిగువభాగమునకు నీరు చేరుటకు ఇరువది నిమిషములు పైగా పట్టినది. ఇరువది నిమిషములలో ఒక వీధివారందరును మెరకకు చేరగలరు. కాని నీరు ఎంతవరకు వచ్చునో, ఏ మెరక చాలునో ముందుగా తెలిసియుండవలెను. అది తెలుపు విద్య ఎట్లు పుట్టి పెరిగినదో చూతము.

దీనికి మూలమైన సూత్రము మన ఇండ్లలో జమాఖర్చు వ్రాయువారందరు ఎరిగినదే. నెల మొదట పెట్టెలో నున్న పైకము, వచ్చినది, పోయినది తెలిసినచో, నెల చివర ఎంత మిగులునో తెలియును. నీటి సంగతియు నిట్లే. ఒక కాలువలో రెండు గుర్తుల నడుమ నున్న భాగమును తీసికొందము. ఎగువగుర్తును దాటి లోపలికి వచ్చిన నీటిలోనుండి, దిగువగుర్తును దాటి వెలుపలికి పోయిన నీటిని తీసివేసినచో, నడుమ నున్న నీటిలో కలిగిన పెరుగుదల తేలును. నీరు మధ్యలో పుట్టదు, మాయమైపోదు. దీనినే నిత్యత్వ సూత్రము అందురు. నీటి పరిమాణమునకే గాక దాని ద్రవ్యవేగమునకును, అనగా నీటి రాశిని దాని వేగముతో గుణించిన లబ్ధమునకును, ఇట్టి ఖాతా మరియొకటి ఉన్నది. నీటి ఒత్తిడియు, నేలవాలును, అడుగుభాగపు రాపిడియు ఈ రెండవ ఖాతాలో జమలు, ఖర్చులు. ఈ రెండు ఖాతాలను జతపరచి 1871లో ఫ్రెంచి ఇంజనీరు సాఁ-వెనాఁ సమీకరణములుగా ప్రకటించెను. నేటికిని నదుల వరదల గణనమునకు ఆధారములు ఆ సమీకరణములే.

గణితశాస్త్రమున ఈ జాతి సమీకరణములకు అతిపరావలయ సమీకరణములని పేరు. పేరు బరువుగా నున్నను భావము సులభము. వీటిలో ఏ వార్తయైనను మితమైన వేగముతోనే ప్రయాణము చేయును. చెరువులో ఒకవైపున రాయి వేసినచో రెండవవైపునకు ఆ సంగతి వెంటనే తెలియదు. అల పోయి చెప్పవలెను. లోతు తక్కువగా నున్న నీటిలో ఆ అల వేగమును కనుగొనుటకు లోతును మీటర్లలో తీసికొని 9.81తో గుణించి, లబ్ధమునకు వర్గమూలము కట్టవలెను. లోతు 1 మీటరైనచో అల సెకనునకు 3.13 మీటర్లు పోవును. 4 మీటర్లైనచో 6.26 మీటర్లు. మహాసముద్రమున 4000 మీటర్ల లోతున సునామీ అల సెకనునకు సుమారు 198 మీటర్లు, అనగా గంటకు 700 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుటకు కారణము ఈ సూత్రమే.

ఇందులోనే చిక్కు దాగియున్నది. లోతు హెచ్చైనకొలది వేగము హెచ్చు. కనుక అల శిఖరము అల పాదము కంటె వేగముగా నడచును. వెనుకనున్నది ముందున్నదానిని తరుముచుండును. కొంతసేపటికి అల ముఖము నిటారుగా నిలిచి గోడయగును. ఇట్టి గోడకే ఆఘాత తరంగమని పేరు. గాలిలో ధ్వనికంటె వేగముగా పోవు విమానము వెంట వచ్చు ఉరుమువంటి చప్పుడు గాలిలోని ఆఘాత తరంగము. కట్ట తెగినపుడు నదిలో లేచు గోడ నీటిలోని ఆఘాత తరంగము. రెండింటి గణితము ఒకే కుటుంబమునకు చెందినది.

గోడ లేచినచోట సమీకరణము మొరాయించును. ఏలయన అవకలన సమీకరణము నీటి ఉపరితలపు వాలు ఎంత అని అడుగును. నిటారు గోడకు వాలు చెప్పుటకు వీలులేదు. కాని జమాఖర్చు మాత్రము చెడదు. గోడకు ఇటు ఎంత, అటు ఎంత అని చూచినచో చాలును. స్కాట్లండు వాడైన రాంకిన్ 1870లోను, ఫ్రెంచివాడైన యుగోనియో 1880ల చివరను ఇట్టి లెక్కను గాలి విషయమున స్థిరపరచిరి. నీటి విషయమున ఒక ఉదాహరణ చూతము.

కదలక నిలిచియున్న 1 మీటరు లోతు నీటిమీదికి 2 మీటర్ల ఎత్తుగల నీటిగోడ వచ్చుచున్నదనుకొందము. రెండు ఖాతాలను సరిపుచ్చినచో గోడ వేగము సెకనునకు 5.42 మీటర్లనియు, గోడ వెనుక నీటి వేగము 2.71 మీటర్లనియు తేలును. మొదటి ఖాతాను శ్రోతలే సరిచూచుకొనవచ్చును. ఒక మీటరు వెడల్పుగల కాలువలో, ఒక సెకనులో గోడ 5.42 మీటర్లు జరిగి, అంతమేర లోతును 1 మీటరు పెంచినది, అనగా 5.42 ఘనమీటర్ల నీరు చేరవలెను. వెనుకనుండి వచ్చు నీరు, 2 మీటర్ల లోతు, 2.71 మీటర్ల వేగము, గుణించినచో 5.42. ఖాతా సరిపోయినది. గోడ ముందున్న నీటిలో చిన్న అల వేగము 3.13 మీటర్లే గనుక గోడ రాకను ముందుగా తెలుపు అలయేదియు గోడను మించి ముందునకు పోజాలదు. గట్టున నిలిచి నీటిని చూచువానికి నీరు తెలిపెడి హెచ్చరిక ఉండదని దీని అర్థము. హెచ్చరిక మనుష్యులే పంపవలెను.

ఈ జాతి గోడను చూడగోరువారు వంటింటికి పోయిన చాలును. వెడల్పైన పళ్లెమును బోర్లించి కుళాయి క్రింద పెట్టి, సన్నని ధార వదలవలెను. ధార పడినచోట నీరు పలుచగా, వేగముగా నలుదిక్కులకు పరుగెత్తి, కొంతదూరమున హఠాత్తుగా ఉబ్బి వలయాకారముగా నిలుచును. ఆ వలయము కదలని గోడ. అనేకములైన ఆనకట్టల అలుగుల దిగువను ఇంజనీర్లు దీనినే పెద్దయెత్తున బుద్ధిపూర్వకముగా కల్పింతురు. హైడ్రాలిక్ జంప్ అను ఆ చోట నీటి శక్తిలో కొంత భాగము నురుగుగాను సుడులుగాను వ్యయమై, నది అడుగును కోయు బలము తగ్గును. నీటి ఖాతాయు ద్రవ్యవేగపు ఖాతాయు సరిపోవును. శక్తి ఖాతా మాత్రము గోడ దగ్గర తరుగును. ఈ తరుగుదల ఎపుడును ఒక దిక్కునకే. పోయిన శక్తి తిరిగి రాదు. లెక్కలో పుట్టిన గోడ నిజమైనదా, కల్లయా అని తేల్చుటకు శాస్త్రజ్ఞులు వాడు పరీక్ష ఇదియే.

కట్ట తెగుట అను సమస్యకు కలముతోనే సమాధానము దొరకు సందర్భము ఒకటి ఉన్నది. చదునైన, రాపిడిలేని, పొడినేల మీద నిలువుకట్ట ఒక్క క్షణములో మాయమైనదనుకొందము. 1892లో జర్మనీకి చెందిన రిటర్ దీనిని సాధించెను. కట్ట వెనుక లోతు 9 మీటర్లైనచో, నీటి మొన సెకనునకు 18.8 మీటర్ల వేగముతో ముందునకు పోవును; కట్ట ఉండిన చోట లోతు 4 మీటర్ల వద్ద నిలుచును. దిగువను ముందే కొంత నీరున్నచో పలుచని మొనకు బదులు గోడ లేచును. రెండువైపుల రెండు భిన్నస్థితులుండి నడుమ అడ్డు తొలగినచో ఏమగును అను ఈ ప్రశ్నకు, గాలిని ఉద్దేశించి గణితవేత్త రీమన్ 1860లోనే మార్గము చూపియుండెను. నేటికిని దానిని రీమన్ సమస్య అనియే వ్యవహరింతురు.

కాని నిజమైన లోయ చదునుగా నుండదు. వంకరలు, ఇరుకులు, వంతెనలు, పొలములు ఉండును. అచట కలము చాలదు, సంఖ్యాగణనము కావలెను. దాని పద్ధతి మన వరిపొలముల పద్ధతివంటిది. లోయనంతటిని చిన్నచిన్న మడులుగా విభజింతురు. ఒక్కొక్క మడికి ఒక లోతు, ఒక ద్రవ్యవేగము వ్రాసికొందురు. రెండు మడుల నడుమ గట్టును దాటి ఈ అరసెకనులో ఎంత నీరు పోయినదో కట్టుదురు. ఒక మడి పోగొట్టుకొన్నది ప్రక్కమడి పొందినదానికి సరిగా సమానము కావలెను. ఆ పిమ్మట లోతులను మార్చి వ్రాసి, తరువాతి అరసెకనునకు పోవుదురు. కంప్యూటరు ఈ పనిని లక్షలమడులకు, వేలసారులు విసుగులేక చేయును.

అరసెకనే ఎందుకు, ఒక నిమిషము చొప్పున ఏల గంతు వేయరాదు అని అడుగవచ్చును. కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అను ముగ్గురు 1928లో దీనికి సమాధానమిచ్చిరి. మడి వెడల్పు 10 మీటర్లు, అత్యధికమైన అల వేగము సెకనునకు 20 మీటర్లు అయినచో, అల ఒక మడిని అరసెకనులో దాటును. అంతకు మించిన గంతు వేసినచో నిజమైన అల పొరుగుమడిని దాటి పోయినను లెక్కకు ఆ వార్త అందదు. అట్టి లెక్క కొద్దిసేపటిలో కట్టు తప్పి అర్థములేని అంకెలను కురిపించును. కంప్యూటరు ఎంత గొప్పదైనను ఈ హద్దును దాటిన ఫలము లేదు.

ఈ హద్దులో నున్నను రెండు దోషములు వెన్నాడును. వాటిని చిన్న అంకెలతో చూపెదము. వరుసగా ఐదు మడులు. లోతులు 2, 2, 1, 1, 1 మీటర్లు. గోడ ఒక్కొక్క అడుగులో సగము మడి చొప్పున కుడివైపునకు మారకుండ జరుగుచున్నదనుకొందము. రెండు అడుగులకు గోడ ఒక మడి జరిగి, లోతులు 2, 2, 2, 1, 1 కావలెను.

మొదటి పద్ధతి జాగ్రత్తగలది. ప్రతిమడి ఎగువ పొరుగుమడినుండి సగము తీసికొని తనది సగము ఉంచుకొనును. మొదటి అడుగునకు 2, 2, 1.5, 1, 1 వచ్చును. రెండవ అడుగునకు 2, 2, 1.75, 1.25, 1. కూడినచో 8 మీటర్లు. ఖాతా సరిగానే యున్నది. కాని గోడ అలికిపోయి వాలైనది. ఇంకను అడుగులు వేసినకొలది ఆ వాలు సాగుచుండును.

రెండవది లాక్స్, వెండ్రాఫ్ అనువారు 1960లో చెప్పిన సూక్ష్మతరమైన పద్ధతి. నునుపైన అలల విషయమున ఇది మొదటిదానికంటె ఎంతో మేలు. కాని గోడవద్ద మొదటి అడుగునకే 2, 2.125, 1.375, 1, 1 అని చెప్పును. మొత్తము 7.5, అదియు సరియే. అయినను 2 మీటర్లకు మించిన నీరు ఎచటను లేనపుడు 2.125 మీటర్ల లోతు ఎచటనుండి వచ్చినది? నిజములో లేని ఉబ్బు అది. ఇదే పద్ధతిని 0, 0, 2, 2 అను మడులకు వర్తింపజేసినచో, రెండవ మడిలో 0.25 మీటర్లు తక్కువ శూన్యము, అనగా శూన్యముకంటె తక్కువ లోతు వచ్చును. పొడినేలలో శూన్యముకంటె తక్కువ నీరేమి? అచటనుండి అల వేగము కట్టబోయినచో ఋణసంఖ్యకు వర్గమూలము తీయవలసివచ్చి లెక్క కూలిపోవును.

మూడవ దోషము వీటికంటె మోసకరము. ఖాతా పాటింపక, సమీకరణమును మరియొక రూపమునకు మార్చి లెక్కించినచో, చిత్రము నునుపుగా, నమ్మదగినదిగా కనబడును. కాని గోడ తప్పుడు వేగముతో నడచును. పదిహేను నిమిషములకు రావలసిన నీరు ఇరువది నిమిషములకు వచ్చునని చెప్పునట్టి లెక్కవలన కలుగు కీడు వివరింప నక్కరలేదు. ఖాతా సరిగా పాటించు పద్ధతి, మడులు చిన్నవగుకొలది ఒక సమాధానమువైపు స్థిరముగా నడచుచున్నచో, ఆ సమాధానము నిత్యత్వ సూత్రమును తప్పక పాటించునని, అందలి గోడలు సరియైన వేగముతో నడచునని లాక్స్, వెండ్రాఫ్ 1960లోనే నిరూపించిరి. అప్పటినుండి ఖాతా తప్పని లెక్క అనునది ఈ విద్యకు మొదటి ధర్మమైనది.

గోడను మచ్చికచేయుటకు తొలిమార్గమును 1950లో అమెరికాలో ఫాన్ నాయ్‌మన్, రిక్ట్‌మయర్ చూపిరి. వారు గోడ దగ్గర మాత్రమే లెక్కలో కొంత కృత్రిమ స్నిగ్ధతను, అనగా తేనెకుండు చిక్కదనమువంటి గుణమును, కలిపిరి. గోడ మూడునాలుగు మడుల మేర మందమై, దొంగ అలలు అణగినవి. ఉపాయము మంచిదే, కాని చిక్కదనము ఎంత కలుపవలెనో అనుభవముచేతనే తెలిసికొనవలసియుండెను.

మాల్పాసే కట్ట విరిగిన 1959వ సంవత్సరములోనే, మాస్కోలో పనిచేయుచున్న గొడునోవ్ అను ముప్పదియేండ్ల గణితజ్ఞుడు గాలిలోని ఆఘాత తరంగముల నుద్దేశించి మరియొక మార్గమును ప్రకటించెను. రెండు మడుల లోతులు వేరైనపుడు, నడుమనున్న గట్టు ఒక చిన్న ఆనకట్ట వంటిదే గదా. ఈ క్షణమున అది తెగినదనుకొని, రీమన్ చూపిన దారిలో గట్టును దాటు ప్రవాహమును కట్టవలెను. తరువాత మడిలోని నీటిని మరల సమము చేసి, మరల అన్ని గట్లను తెంపవలెను. మహా ఆనకట్ట తెగుటను లెక్కించుటకు లక్షలకొలది చిన్న ఆనకట్టలను క్షణక్షణమున తెంపుట అని దీనిని వర్ణింపవచ్చును. ఇందులో చిక్కదనము కలుపు పనిలేదు. ఎటునుండి ఎటు వార్త పోవునో నీటి స్వభావమే నిర్ణయించును.

అదే వ్యాసమున గొడునోవ్ ఒక కఠినసత్యమును గూడ నిరూపించెను. అన్ని మడులకు అన్ని వేళల ఒకే సూత్రమును మార్పులేక వర్తింపజేయు సరళపద్ధతి ఏదియు, దొంగ ఉబ్బులను పుట్టింపకుండుటయు, మొదటి తరగతిని మించిన సూక్ష్మత కలిగియుండుటయు, రెండును సాధింపలేదు. మనము పైన చూచిన రెండు దోషములలో ఒకటి తప్పదన్నమాట.

దారి ఏది? పద్ధతియే నీటిని చూచి తన నడక మార్చుకొనవలెను. 1970లలో హాలండు దేశీయుడైన ఫాన్ లేర్ ఈ తలంపును పండించెను. మడిలో నీటిని చదునుగా గాక కొంచెము వాలుగా ఉంచవలెను. కాని ఆ వాలునకు కాపలా యుండవలెను. ఎడమ పొరుగుతో తేడా ఎంత, కుడి పొరుగుతో తేడా ఎంత అని చూడవలెను. రెండును ఒకే దిక్కుననున్నచో వాటిలో చిన్నదానిని తీసికొనవలెను. ఎదురెదురు దిక్కులనున్నను, ఒకటి శూన్యమైనను, వాలు పెట్టరాదు. లోతులు 1, 2, 4 అయినచో తేడాలు 1, 2; నడిమి మడి వాలు 1. లోతులు 2, 2, 1 అయినచో తేడాలలో ఒకటి శూన్యము, వాలు లేదు. ఇట్లు నునుపైనచోట సూక్ష్మముగాను, గోడవద్ద జాగ్రత్తగాను లెక్క నడచును. 1983లో హార్టెన్ ఇట్టి పద్ధతులకు గట్టి సిద్ధాంతము చేకూర్చెను. ఎగుడుదిగుడు నేలమీద నిలిచిన చెరువు లెక్కలో తానే కదలిపోకుండ చూచుట, పొడినేల తడియగుచోట శూన్యముకంటె తక్కువ లోతు రాకుండ కాచుట మొదలైన మెళకువలు ఆ పిమ్మట చేరినవి.

ఇవి యన్నియు నమ్మదగినవా అని అడుగుటకు మాల్పాసే లోయయే ఒరపిడిరాయి యైనది. వరద నేలరూపునే మార్చివేసినందున, పాతరూపు కొరకు 1931 నాటి పటమునుండి కొండలోయల ఎత్తులను సంఖ్యలుగా తీసిరి. పోలీసులు ఇరుదరుల గుర్తించిన నీటిజాడల ఎత్తులు ఉన్నవి. 1964లో ఫ్రాన్సులో 400వ వంతు పరిమాణముతో నిర్మించిన లోయ నమూనాలో నీరు వదలి కొలిచిన అంకెలు ఉన్నవి. అన్నింటికి మించి, ఆగిపోయిన మూడు ట్రాన్స్‌ఫార్మర్ల కాలములు ఉన్నవి. 1990ల చివరనుండి అనేక దేశములవారు తమ గణన పద్ధతులను ఈ లోయపై నడపి, ఆ అంకెలతో పోల్చుకొనుచున్నారు. 423 మందిని బలిగొన్న రాత్రి ఇట్లు తరువాతివారికి పాఠముగా నిలిచినది.

ఈ పాఠము మనకు దూరమైనది కాదు. 1979 ఆగస్టు 11న గుజరాతులో మచ్చు నదిపైనున్న రెండవ ఆనకట్ట తెగి మోర్వీ పట్టణమున అపారమైన ప్రాణనష్టము కలిగినది. 2021 నవంబరు 19న కడప సీమలో రాజంపేట దగ్గర చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకొనిపోయి దిగువ పల్లెలలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ సంవత్సరమే పార్లమెంటు చేసిన ఆనకట్టల భద్రతా చట్టము, 15 మీటర్లకు మించిన ఎత్తుగల ఆనకట్టలు మొదలైన నిర్దిష్టమైన కట్టలకు యజమానులు అత్యవసర కార్యప్రణాళికలను సిద్ధము చేయవలెనని విధించినది. విడుదలయగు నీటివలన ఏ ప్రాంతములకు, ఎందరికి ముప్పు రాగలదో, హెచ్చరిక ఎట్లు పంపవలెనో ఆ ప్రణాళికలో ఉండవలెను. ఇట్టి ముంపుపటముల వెనుక పనిచేయునది మనము చెప్పుకొన్న మడుల లెక్కయే. సముద్రము విషయమున గూడ ఇంతే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమున 2007 అక్టోబరు నుండి సునామీ హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. పలుచోట్ల భూకంపములు కలిగినట్లు భావించి ముందుగానే కట్టి ఉంచిన లెక్కలు అచట సిద్ధముగా నుండును. అల వేగమున కంటె కంప్యూటరు పని ముందు ముగియవలెను గదా.

లెక్కకు హద్దులును ఉన్నవి. కాంక్రీటు చాపము క్షణములో విరుగవచ్చును; మట్టికట్టకు గండి మొదట చిన్నదిగా పడి, కోసికొనిపోవుచు వెడల్పగును. గండి ఎంతసేపటిలో ఎంత వెడల్పగునను విషయము లెక్కకు ఇవ్వవలసిన అంకెయేగాని లెక్క ఇచ్చునది కాదు. కొట్టుకొనివచ్చు చెట్లు, వంతెనలకు అడ్డుపడు చెత్త, పెరిగిన పైరు, క్రొత్తగా లేచిన ఇండ్లు నీటి నడకను మార్చును. పాతపటముపై కట్టిన లెక్క క్రొత్త కాలనీని ఎరుగదు. కనుకనే ఇంజనీర్లు ఒక్క లెక్కతో తృప్తిపడక, గండి త్వరగా పడినచో, నెమ్మదిగా పడినచో, జలాశయము నిండియున్నచో, సగముండినచో అని పలువిధముల లెక్కించి, వాటిలో అపాయకరమైనదానికి సిద్ధపడుదురు.

ఆనకట్ట దిగువను, పెద్దచెరువు కట్టక్రింద నివసించు కుటుంబములవారు ఈ గణితమును నేర్వనక్కరలేదు. కాని ఆ గణితము ఇచ్చు రెండు అంకెలను అడిగి తెలిసికొను హక్కు వారికున్నది: మా వీధికి నీరు ఎన్ని నిమిషములలో వచ్చును, ఎంత ఎత్తున వచ్చును? పంచాయతీ కార్యాలయమునందుగాని నీటిపారుదల అధికారులయొద్దగాని ఈ ప్రశ్న వేయవలెను. అంకెలు దొరకిన పిమ్మట, ఆ ఎత్తునకు మించిన మెరక ఎచటనున్నదో, ఆ నిమిషములలో ఇంటి ముసలివారితోను పసివారితోను అచటికి నడచిపోగలమో లేదో, వాననెల రాకముందే ఒకసారి నడచి చూచుకొనవలెను.